రెండు చేతుల నాడి చూడకుండా ‘థైరాయిడ్’ అనకండి

“నాకు థైరాయిడ్ ఉందండీ” అనే మాట ఇప్పుడు మన ఊళ్ళలో “నాకు జలుబు చేసిందండీ” అన్నంత తేలికగా వినిపిస్తున్నది. థైరాయిడ్ జబ్బు పేరు కాదనీ, కంఠం ముందు భాగంలో ఉండే ఒక గ్రంథి పేరనీ, అది అందరికీ ఉంటుందనీ ఈ పుటలలో ఎన్నోసార్లు వ్రాశాను. నవ్వుతూనే వ్రాశాను. ఈసారి నవ్వు రావటం లేదు. ఆ ఒక్క మాట ఒక ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి జీవితంలో మూడు సంవత్సరాలను మింగివేసింది. కొంత కోపంతోనే వ్రాస్తున్నాను, పాఠకులు మన్నించాలి.

మా వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆయన ఒక ఆదివారం ఉదయం తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో మూడేళ్ళ కాగితాలు. “అమ్మాయికి థైరాయిడ్ సార్. మందులు వాడుతున్నా నీరసం తగ్గటం లేదు. మీరొకసారి చూసి మాత్ర మార్చండి” అన్నాడు. కాగితాలు ఒక్కొక్కటిగా తీసి మంచం మీద పరచుకున్నాను. టి.ఎస్.హెచ్. పరీక్షలు పదకొండు ఉన్నాయి. మొదటి దానిలో అంకె 6.2, టి-4 హార్మోను మామూలుగానే ఉన్నది. అంత మాత్రానికే 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మొదలుపెట్టారు. నీరసం తగ్గకపోతే 75, అదీ చాలకపోతే 100 చేశారు. చివరి పరీక్షలో అంకె 0.2కు దిగిపోయింది, గుండె దడ మొదలయింది, ఆ దడకు మరొక మాత్ర వ్రాశారు. రక్తం తక్కువగా ఉన్నదని ఇనుము మాత్రలు ఇచ్చారు. ఈ.ఎస్.ఆర్. రెండుసార్లు చేశారు, రెండుసార్లూ 70 దాటింది. ఆ అంకె చుట్టూ ఎవరో ఎర్ర సిరాతో గుండ్రంగా గీత గీశారు. గీసిన వారు తరువాత ఏమి ఆలోచించారో ఆ కాగితాల మీద ఎక్కడా లేదు.

రక్తపు పోటు వ్రాసిన చీటీ అంత కట్టలోనూ ఒక్కటే. 100/70 అని ఉన్నది. ఏ చేతికి చూశారో లేదు.

నీరసం సంగతి అడగటం మాని, “ఇంకేమి బాధ ఉందమ్మా?” అని అడిగాను. జడ వేసుకొనేటప్పుడు ఎడమ చెయ్యి పైకెత్తి ఉంచితే రెండు నిమిషాలకే పీకి, బరువెక్కి, క్రిందికి జారిపోతుందని చెప్పింది. మెడకు ఎడమ ప్రక్క ముట్టుకుంటే నొప్పి అన్నది. కుడి చేతి నాడి పట్టుకున్నాను, బలంగా కొట్టుకుంటున్నది. ఎడమ చేతి మణికట్టు దగ్గర వేళ్ళు పెట్టి నిమిషం సేపు వెదికాను. నాడి లేదు. మోచేతి మడతలోనూ లేదు. కుడి చేతికి పోటు 168/100. ఎడమ చేతికి స్టెతస్కోపుతో సరిగా వినిపించలేదు; అతి కష్టం మీద పై అంకె 100 దగ్గర దొరికింది. ఎడమ కాలర్ బోన్ పైన స్టెతస్కోపు పెడితే ఇరుకు సందులోంచి గాలి దూసుకుపోయినట్లు హోరు.

“ఈ చేతి నాడి ఎవరైనా చూశారా అమ్మా?”

“లేదు సార్. రక్తం తీసుకోవటానికి మాత్రం ఎప్పుడూ ఈ చెయ్యే పట్టుకుంటారు.”

తరువాత హైదరాబాదులో పెద్ద ఆసుపత్రికి పంపాము. రక్తనాళాల సి.టి. స్కాన్‌లో ఎడమ చేతికి పోయే ధమని మొదట్లోనే మూసుకుపోయి ఉన్నదనీ, మెడలో ఎడమ ధమని గోడ దళసరిగా మారిందనీ, ఒక మూత్రపిండానికి పోయే ధమని సన్నబడిందనీ తేలింది. టకయాసు ధమనీ తాపం. తాపం అంటే ఇక్కడ వేడి చేయటం కాదు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ దారి తప్పి తన సొంత రక్తనాళాల గోడల మీదనే దాడి చేయటం వలన కలిగే వాపు. ఇటువంటి రక్తనాళ తాపాలన్నిటినీ కలిపి వాస్క్యులైటిస్ అంటారు. వాటిలో టకయాసు వ్యాధి బృహద్ధమనికీ, దాని పెద్ద కొమ్మలకూ వస్తుంది. బాధితులలో అత్యధికులు స్త్రీలు. అందులోనూ నలభై ఏళ్ళలోపు వారు. మన దేశంలో చిన్న వయసులో మూత్రపిండ ధమని సన్నబడి రక్తపు పోటు పెరగటానికి ఇది ఒక ముఖ్య కారణం. అంటే, ఏ వయసు స్త్రీలను ‘థైరాయిడ్’ అని పంపించివేస్తున్నామో, సరిగ్గా ఆ వయసు స్త్రీలకే ఈ జబ్బు వస్తున్నది.

రెండు జబ్బుల చరిత్రా తెలిస్తే ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది. 1908లో జపానులో మికితో టకయాసు అనే కంటి వైద్యుడు ఒక యువతి కంటి లోపలి రక్తనాళాలు వింతగా మెలి తిరిగి, వలయాలుగా కలిసి ఉండటం గమనించి వైద్యుల సభలో వివరించాడు. ఆ సభలోనే మరి ఇద్దరు వైద్యులు లేచి, తమ దగ్గర కూడా అటువంటి కళ్ళే ఉన్న రోగులు ఉన్నారనీ, వారికి మణికట్టు దగ్గర నాడి అందటం లేదనీ చెప్పారు. ‘నాడి లేని జబ్బు’ అన్న పేరు అందుకే వచ్చింది. నాలుగేళ్ళ తరువాత, 1912లో, అదే దేశానికి చెందిన హకారు హషిమోటో అనే యువ శస్త్రవైద్యుడు నలుగురు స్త్రీల గళగ్రంథులను సూక్ష్మదర్శినిలో చూసి, వాటి నిండా తెల్ల కణాలు చేరి ఉండటాన్ని వర్ణించాడు. ఈనాడు హైపోథైరాయిడిజమ్‌కు ప్రధాన కారణాలలో ఒకటయిన హషిమోటో వ్యాధి అదే. ఒకరు ధమని గోడలో, మరొకరు గ్రంథిలో చూసినది ఒకే రకపు తిరుగుబాటు, రక్షణ వ్యవస్థ సొంత ఇంటిని కొల్లగొట్టటం. కనుక ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి కూడా రావచ్చు. అందువలననే ‘ఇదా, అదా’ అని ప్రశ్న వేసుకొని ఒకదానితో ఆగిపోవటం ప్రమాదకరం.

హైపోథైరాయిడిజమ్‌లో నీరసం, ఒంటి నొప్పులు, బరువు పెరగటం, రక్తహీనత, పోటులో క్రింది అంకె పెరగటం ఉంటాయి. రక్తనాళ తాపంలో నీరసం, ఒంటి నొప్పులు, రక్తహీనత, పోటు పెరగటం, కొందరిలో సన్నని జ్వరం, బరువు తగ్గటం ఉంటాయి. సగం లక్షణాలు ఉమ్మడి ఆస్తి. అయితే ఉమ్మడి కానివి కూడా ఉన్నాయి. మామూలు హషిమోటో వ్యాధిలో ఈ.ఎస్.ఆర్. 70కి పోదు. పోయినదంటే మరేదో ఉన్నదని అర్థం. అది క్షయ కావచ్చు, కీళ్ళ వాతం కావచ్చు, ధమనీ తాపం కావచ్చు, వెదకవలసినదే. దీనికి తిరుగు పాఠం కూడా చెప్పాలి. ఈ.ఎస్.ఆర్. మామూలుగా ఉన్నంత మాత్రాన టకయాసు వ్యాధి లేదని చెప్పటానికి వీలు లేదు. వ్యాధి చురుకుగా ఉన్నప్పుడు కూడా చాలామందిలో అది పెరగదు. చెయ్యి ఎత్తి పని చేస్తే పీకటం, రెండు చేతుల పోటులో 10 మి.మీ.కు మించి తేడా ఉండటం, నాడి బలహీనపడటం, కాలర్ బోన్ పైననో పొట్ట మీదనో హోరు వినిపించటం, వీటిలో ఏ ఒక్కటీ థైరాయిడ్ లోపం వలన రాదు.

మెడ నొప్పి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గళగ్రంథికి తాత్కాలికమైన తాపం వచ్చినప్పుడు మెడ ముందు భాగం ముట్టనివ్వదు, ఈ.ఎస్.ఆర్. బాగా పెరుగుతుంది. మెడ ధమనికి తాపం వచ్చినా మెడ ముట్టనివ్వదు, ఈ.ఎస్.ఆర్. పెరుగుతుంది. గ్రంథి నొప్పి కంఠం మధ్యలో, గుటక వేస్తే పైకీ క్రిందికీ కదిలే భాగంలో ఉంటుంది. ధమని నొప్పి ప్రక్కగా, నాడి కొట్టుకొనే చోట ఉంటుంది. వేలితో తాకి చూసేవారికి తేడా తెలుస్తుంది. ఆ అమ్మాయి కట్టలో మెడ అల్ట్రాసౌండు రిపోర్టు కూడా ఒకటి ఉన్నది. గ్రంథి ఎడమ భాగం ఇన్ని సెంటీమీటర్లు, కుడి భాగం ఇన్ని సెంటీమీటర్లు అని శ్రద్ధగా కొలతలు వేశారు. గ్రంథికి ఆనుకొని, అదే తెర మీద, దళసరెక్కిన ధమని గోడ తప్పక కనిపించి ఉండాలి. టకయాసు వ్యాధిలో మెడ ధమని గోడ చుట్టూ సమానంగా ఉబ్బి మేకరోనీ గొట్టంలా కనపడుతుందని రేడియాలజీ పుస్తకాలలోనే ఉన్నది. చీటీ మీద ‘థైరాయిడ్ స్కాన్’ అని వ్రాశారు కనుక థైరాయిడే చూశారు. అడగనిది చూడకూడదన్న నియమం వైద్యంలోకి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు.

నేను పరీక్షలకు వ్యతిరేకిని కాను. 1970ల చివర నేను ఉద్యోగంలో చేరిన తాలూకా ఆసుపత్రిలో టి.ఎస్.హెచ్. అన్న మాట పాఠ్యపుస్తకంలో తప్ప వినలేదు. గొంతు బొంగురుపోయిందా, చర్మం పొడిబారిందా, మడమ వెనుక సుత్తితో తట్టితే పాదం తిరిగి యథాస్థానానికి మెల్లగా వస్తున్నదా, ఇవి చూసి హైపోథైరాయిడిజమ్‌ను ఊహించేవాళ్ళం. ఎందరిని వదిలివేసి ఉంటామో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాలలో చేసిన, 2013లో ప్రచురింపబడిన అధ్యయనంలో పెద్దవారిలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజమ్ ఉన్నదని తేలింది. అది నిజమైన సమస్యే. కాని ఆ సంఖ్యలోనే ఒక ఉచ్చు ఉన్నది. నీరసంతో వచ్చిన ఏ నూరు మందికి పరీక్ష చేసినా పదిమందికి ఏదో ఒక తేడా కనపడుతుంది. ఆ పదిమందిలో అందరి నీరసానికీ కారణం అదే కానవసరం లేదు. తేడా దొరకగానే వెదకటం మానివేస్తున్నాము. నా ఫిర్యాదు అది.

టి.ఎస్.హెచ్. 4 దాటి 10 లోపల ఉండి, టి-4 మామూలుగా ఉన్నవారిలో చాలామందికి వెంటనే మందు అక్కరలేదు. రెండు మూడు నెలల తరువాత మళ్ళీ చేయిస్తే కొందరిలో అది తనంతట తానే సరిపోయి ఉంటుంది. గర్భిణులు, గర్భం కోరుకొనేవారు, గ్రంథికి వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు ఎక్కువగా ఉన్నవారు, వీరి విషయం వేరు. అరవై ఐదేళ్ళు దాటిన 737 మందితో ఐరోపాలో జరిపి 2017లో ప్రచురించిన పరిశోధనలో, ఈ స్వల్ప లోపానికి థైరాక్సిన్ ఇచ్చినా ఇవ్వకపోయినా నీరసంలో తేడా కనపడలేదు. ముసలివారి ఫలితాన్ని పడుచువారికి యథాతథంగా అంటగట్టను. కాని 6.2 అన్న అంకెకు ఒక యువతి మంచం పట్టేంత నీరసాన్ని అంటగట్టటం అంతకంటే సాహసం.

ఈ మాట అన్నప్పుడల్లా నా శిష్యప్రాయులైన యువ వైద్యులు నొచ్చుకుంటారు. “సార్, ఓ.పి.లో రోజుకు నూట యాభై మంది. ఒక్కొక్కరికీ రెండు చేతులు, రెండు కాళ్ళు చూస్తూ కూర్చుంటే వరుస కదలదు” అంటారు. వారి కష్టం నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు ఆ కుర్చీలోనే కూర్చున్నాను. అందరికీ చూడమనటం లేదు. నలభై ఏళ్ళలోపు మనిషి, కారణం తెలియని నీరసం, పెరిగిన ఈ.ఎస్.ఆర్. లేదా పోటు, లేదా చెయ్యి పీకటం, ఇటువంటివారు రోజుకు ఇద్దరో ముగ్గురో ఉంటారు. రెండు మణికట్లు ఒకేసారి పట్టుకోవటానికి పది సెకన్లు చాలు. ఇందులో నా అనుమానం మరొకటి కూడా ఉన్నది, చెప్పక తప్పదు. పరీక్ష కాగితానికి ధర ఉన్నది, ప్యాకేజీ ఉన్నది, పండుగకు తగ్గింపు కూడా ఉన్నది. నాడి చూడటానికి ధర లేదు. ఏది ఎక్కువగా జరుగుతుందో ఊహించటానికి వైద్య పట్టా అవసరం లేదు.

ఇక నా తప్పు. ఇతరులను అన్న తరువాత దాచుకోవటం న్యాయం కాదు. 1990లలో నేను జిల్లా కేంద్రంలో ఉన్నప్పుడు, టకయాసు వ్యాధి నిర్ధారణ అయి వెల్లూరు నుంచి తిరిగి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు నా దగ్గర ప్రతి నెలా చూపించుకొనేవారు. ప్రెడ్నిసొలోన్ వాడుతున్నారు. ముఖం ఉబ్బింది, బరువు పెరిగింది, చలికి ఓర్వలేకున్నానని అన్నారు, మలబద్ధకం అన్నారు. “స్టీరాయిడ్ వాడితే ఇంతేనమ్మా, ఓర్చుకోవాలి” అన్నాను. ఒక నెల కాదు, దాదాపు సంవత్సరం పాటు అదే మాట అన్నాను. చివరకు ఆమె గొంతు మారిపోవటం గమనించినది నేను కాదు, ఆమె తరగతిలోని పిల్లలు. “టీచరు గొంతు మగవాళ్ళ గొంతులా అయిందని నవ్వుతున్నారండీ” అని ఆమె చెప్పినప్పుడు సుత్తి తీసుకొని మడమ మీద తట్టాను. పరీక్షలో టి.ఎస్.హెచ్. 60కి పైన ఉన్నది. స్టీరాయిడ్ ముఖం వేరు, థైరాయిడ్ లోపపు ముఖం వేరు అని విద్యార్థులకు పాఠం చెప్పినవాడినే. స్టీరాయిడ్ వలన మలబద్ధకమూ రాదు, చలీ వేయదు, గొంతూ అలా బరువెక్కదు. పెద్ద జబ్బు పేరు ఒకటి దొరికితే మిగిలినవన్నీ దాని ఖాతాలో వేసివేయటం వైద్యుడి సోమరితనం. అక్కడ ‘థైరాయిడ్’ అన్న ముద్ర రక్తనాళ వ్యాధిని కప్పివేసింది. ఇక్కడ రక్తనాళ వ్యాధి అన్న ముద్ర థైరాయిడ్‌ను కప్పివేసింది. మనిషిని చూడకపోవటం రెండింటిలోనూ ఒక్కటే.

కనుక రక్తనాళ తాపం ఉన్నదని ఇప్పటికే తెలిసినవారు థైరాయిడ్ పరీక్ష తప్పక చేయించుకోవాలి. ఎప్పుడు చేయించుకోవాలన్నది ముఖ్యం. జబ్బు ఉద్ధృతంగా ఉండి ఆసుపత్రిలో పడుకున్న రోజులలో చేసిన పరీక్షను నమ్మరాదు. ఏ తీవ్రమైన జబ్బులోనైనా హార్మోనుల అంకెలు క్రిందికి జారుతాయి, కోలుకొనేటప్పుడు టి.ఎస్.హెచ్. కొంతకాలం పైకి లేస్తుంది, ఆ తరువాత సర్దుకుంటుంది. పెద్ద మోతాదు స్టీరాయిడ్లు కూడా టి.ఎస్.హెచ్.ను అణచివేస్తాయి, అది చూసి హైపర్‌థైరాయిడిజమ్ అని భయపడవద్దు. జుట్టు ఊడుతున్నదని బయోటిన్ మాత్రలు మింగేవారు ఆ సంగతి ప్రయోగశాలలో ముందే చెప్పి, రెండు మూడు రోజులు మానివేసి పరీక్షకు పోవాలి. కొన్ని యంత్రాలలో అది అంకెలను తారుమారు చేస్తుంది. ఇక స్కాన్ సంగతి. రక్తనాళాల సి.టి. స్కాన్‌కు ఎక్కించే మందులో అయొడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు. ఒక్క స్కాన్‌లో ఎక్కేది గ్రాములలో ఉంటుంది. గ్రంథిలో ముందే గడ్డలో, హషిమోటో వ్యాధో ఉన్నవారిలో ఆ తరువాతి వారాలలో పని పెరగటమో తగ్గటమో జరగవచ్చు. స్కాన్ మానమనటం లేదు. ధమనులను చూడవలసి వస్తే చూడవలసినదే. ముందొక పరీక్ష, కొన్ని వారాల తరువాత మరొకటి చేయిస్తే చాలు.

థైరాక్సిన్ నిజంగా అవసరమైనవారికి మరొక చిక్కు ఉన్నది. దీన్ని చెప్పేవారు అరుదు. స్టీరాయిడ్ వాడే ప్రతివారికీ ఎముకల కొరకు కాల్షియం, కడుపు మంట రాకుండా పాంటోప్రజోల్ వ్రాస్తారు. రక్తహీనత ఉంటే ఇనుము కూడా చేరుతుంది. మన ఇళ్ళలో తెల్లవారగానే మాత్రలన్నీ అరచేతిలో పోసుకొని ఒక్క గుక్కలో మింగటం అలవాటు. కాల్షియమూ, ఇనుమూ థైరాక్సిన్‌ను ప్రేగులలో పట్టుకొని రక్తంలోకి పోనివ్వవు. పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గించి అది ఇంకటాన్ని మందగింపజేస్తుంది. అంకె దిగదు. వైద్యుడు మోతాదు పెంచుతాడు. తరువాత ఎప్పుడో కాల్షియం అయిపోయి కొనటం మరచిపోతారు. పెంచిన మోతాదంతా ఒక్కసారి ఒంటికి పట్టి దడ, వణుకు మొదలవుతాయి. థైరాక్సిన్ పరగడుపున, మంచినీళ్ళతో మాత్రమే వేసుకోవాలి. కాఫీకి కూడా అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఇనుము మాత్రలకు కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. కాల్షియం మధ్యాహ్న భోజనంతో వేసుకుంటే సరిపోతుంది. టకయాసు వ్యాధిలో గుండెకు రక్తం తెచ్చే ధమనుల మొదళ్ళు కూడా ఇరుకు కావచ్చు. అటువంటివారికి మొదటి రోజునే 100 మైక్రోగ్రాములు ఇస్తే, గుండె వేగం పెరిగి, చాలినంత రక్తం అందక గుండె నొప్పి రావచ్చు. 12.5తోనో 25తోనో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పబోయేది ఒక ఎత్తు. పదవీ విరమణ తరువాత కొన్నాళ్ళు ఒక చిన్న ఆసుపత్రిలో కూర్చున్నాను. ఒక రాత్రి యాభై ఏళ్ళ రైతును ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. పోటు 70కి పడిపోయింది, పిలిస్తే పలకటం లేదు. మూత్రపిండాలకు సంబంధించిన రక్తనాళ తాపానికి రెండేళ్ళుగా స్టీరాయిడ్ వాడుతున్నాడు. ముఖం ఉబ్బిందని ఎవరో “ఆ విషం మానెయ్యి” అంటే ఒక్కసారిగా మానివేశాడు. మూడు వారాలకు నిలబడలేని నీరసం, వాంతులు వచ్చాయి. రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. 9. దాన్ని చూసి పూర్తి మోతాదు థైరాక్సిన్ వ్రాసి పంపారు. వారం తిరగకముందే ఈ స్థితి.

చాలాకాలం స్టీరాయిడ్ వాడినవారిలో అడ్రినల్ గ్రంథులు పని మరచిపోయి ఉంటాయి. మాత్ర హఠాత్తుగా మానితే శరీరానికి అత్యవసరమైన కార్టిసాల్ ఎక్కడి నుంచీ రాదు. కార్టిసాల్ కొరత వలననే టి.ఎస్.హెచ్. కొంత పెరగవచ్చు. అటువంటి సమయంలో థైరాక్సిన్ ఇస్తే, అది ఉన్న కాస్త కార్టిసాల్‌ను త్వరగా ఖర్చు చేయించి మనిషిని ప్రాణాపాయంలోకి నెడుతుంది. ముందు స్టీరాయిడ్, ఆ తరువాతనే థైరాక్సిన్ సంగతి. ఇది ఎం.బి.బి.ఎస్. విద్యార్థికి కూడా చెప్పే పాఠం. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షనూ, సెలైనూ ఎక్కించిన తరువాత తెల్లవారుజామున ఆయన కళ్ళు తెరిచి, బయట తడిసిపోతున్న మిరపకాయల గురించి అడిగాడు. బ్రతికాడు కనుక ఇంత తేలికగా చెప్పగలుగుతున్నాను. “స్టీరాయిడ్ ఎప్పుడైనా వాడారా, ఎప్పుడు మానారు?” అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ ఆటో ప్రయాణమే ఉండేది కాదు.

వ్యవహారం తిరుగు దిశలో కూడా నడుస్తుంది. గళగ్రంథి అతిగా పనిచేసేవారికి ఇచ్చే ప్రొపైల్‌థయోయురాసిల్ అనే మందు కొందరిలో, ముఖ్యంగా చాలాకాలం వాడినవారిలో, చిన్న రక్తనాళాలకు తాపం తెస్తుంది. మన దగ్గర ఎక్కువగా వాడే కార్బిమజోల్ వలన కూడా ఇది వస్తుంది గాని చాలా అరుదు. ఈ మందులు వాడుతున్నవారికి కాళ్ళ మీద ఊదారంగు మచ్చలు, కీళ్ళ నొప్పులు, మూత్రం ఎర్రగా రావటం, దగ్గితే రక్తం పడటం కనపడితే అది ‘వేడి చేయటం’ అని మజ్జిగ తాగి ఊరుకోరాదు. ఆ రోజే వైద్యుడికి చూపించాలి. మందు మానివేస్తే చాలామందిలో జబ్బు వెనుకకు తగ్గుతుంది. ఆలస్యమయితే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ధనియాల కషాయంతో ‘థైరాయిడ్‌ను వేళ్ళతో సహా పెకలిస్తామ’నే వీడియోల గురించి ఒక్క మాటే. ధనియాల నీళ్ళు తాగితే హాని లేదు. వాటిని నమ్మి థైరాక్సిన్‌నో, స్టీరాయిడ్‌నో మానివేస్తే ఏమవుతుందో పైన రైతు కథలో వ్రాశాను. ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు అమ్మేవారిని ఒక ప్రశ్న అడగాలనిపిస్తుంది. రక్షణ వ్యవస్థ అతిగా రెచ్చిపోవటమే జబ్బు అయినవారికి, దాన్ని ఇంకా పెంచుతామని మీరు ఎందుకు చెబుతున్నారు?

పాఠకులలో చాలామంది వైద్యులు కారు. అయినా మీరు చేయగలిగినది ఉన్నది. ఇంట్లో పోటు చూసే యంత్రం ఉంటే ఒకసారి రెండు చేతులకూ చూసి, ఏ చేతికి ఎంతో వ్రాసిపెట్టుకోండి. తేడా 10కి మించి ఉంటే కాసేపు కూర్చొని మళ్ళీ చూడండి. ఇంకా అలాగే ఉంటే ఆ కాగితం వైద్యుడి ముందు పెట్టండి. పెద్దవారిలో ఈ తేడాకు కొవ్వు పేరుకోవటం వంటి ఇతర కారణాలు ఉంటాయి, కంగారు పడనక్కరలేదు. చిన్న వయసులో అయితే వదిలిపెట్టవద్దు. “మా అమ్మాయి రెండు చేతుల నాడీ చూడండి” అని అడగటం అమర్యాద కాదు. విసుక్కొనే వైద్యుడు ఉంటే నా పేరు చెప్పండి, తిట్టుకోనివ్వండి.

ఇస్త్రీ ఆయన కూతురి సంగతి చెప్పి ముగిస్తాను. నిర్ధారణ అయిన తరువాత గ్రంథి ప్రతిరక్షకాలు కూడా చూశారు, లేవు. థైరాక్సిన్ ఆపివేశారు. స్టీరాయిడ్ మోతాదు బాగా తగ్గించిన తరువాత చేసిన పరీక్షలో టి.ఎస్.హెచ్. 3.1 వచ్చింది. స్టీరాయిడ్‌తో పాటు ఇచ్చిన మరొక మందు వలన ఈ.ఎస్.ఆర్. 18కి దిగింది. పోటు మందులు రెండు వాడుతున్నది. నీరసం చాలావరకు పోయింది, ఒక కుట్టు కేంద్రంలో చేరింది. మూసుకుపోయిన ధమని మాత్రం తెరుచుకోలేదు. మూడేళ్ళ క్రితం మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో అని వాళ్ళ నాన్న అడిగాడు, నేను జవాబు చెప్పలేదు. ఎడమ చేతికి పోటు చూడవద్దని ఆమె చీటీ మీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఇచ్చాను. ఇప్పుడు కుడి చేతికీ, కాలికీ చూస్తున్నాము.